కాజాల వేళ ఏడ్చినవాడు

ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక

చిరంజీవి మా కౌన్సిలరమ్మకు మీ మామయ్య ఆశీర్వదించి రాసేది,

ఇక్కడ నేనూ మీ అత్తయ్యా కులాసా. అక్కడ నువ్వూ, మీ ఆయనా, పిల్లలూ కులాసా అని తలుస్తాను. కులాసా అనే మాట చొక్కాకి పై గుండీ లాంటిది, ఊపిరాడకపోయినా పెట్టుకోవాలి. నిజం చెప్పాలంటే మీ అత్తయ్య మోకాళ్ళూ, నా మనసూ రెండూ నిలకడగా లేవు. మోకాళ్ళకి తైలం ఉంది, నా సంగతే తేలడం లేదు. కుర్చీలో కూర్చుని రాస్తున్నానన్న మాటే గానీ, కింద కుట్టుమిషన్ లేకపోయినా నా కుడికాలు తొక్కుతూనే ఉంది. మీ అత్తయ్య ఇటుగా వెళ్తూ చూసి, అంత జోరుగా ఎవరికి కుడుతున్నారని అడిగి పోయింది.

ఊరికి ఈ చివర నుంచి ఆ చివరికి ఉత్తరమేమిటి, ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్లో నేను పక్కదారి పడితే నువ్వు "మామయ్యా, అసలు సంగతికి రండి" అంటావు. ఉత్తరంలో నీకు ఆ వీలు లేదు. ఇంకో కారణం కూడా ఉంది. అది చివర్న చెబుతాను.

నువ్వడిగింది చూడ్డానికి చిన్న ప్రశ్నే. గురువారం మీ కౌన్సిల్లో అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. ఇద్దరు నిలబడ్డారు. అటు సగం, ఇటు సగం, మధ్యలో నీ చెయ్యి. గెలిచినవాడు మొట్టమొదట తేల్చేది కొత్త మార్కెట్ భవనం కింది అంతస్తు సంగతి. అది కుట్టుపనివాళ్ళకా, గోదాములకా? అరుగు మీద వానజల్లు కొడితే మిషన్లకి పట్టాలు కప్పి, తాము తడుస్తూ కూర్చునే మావాళ్ళ బతుకంతా ఆ కింది అంతస్తులో ఉంది. ఇద్దరూ గది మీకే అంటున్నారట. ఎవర్ని నమ్మాలో నన్ను చెప్పమన్నావు. "మీరు మనుషుల్ని కొలిచినవాళ్ళు, పుస్తకాలు నమిలినవాళ్ళు. మీరు ఎవరి పేరు చెబితే వాళ్ళకే చెయ్యెత్తుతాను" అని నువ్వు హాయిగా ఫోన్ పెట్టేశావు. అప్పట్నుంచీ నాకు అన్నం సయించడం లేదు. అదే మాట ఇంకెవరితోనో కూడా అన్నావట, ఊళ్ళో పాకిపోయింది. మామయ్య మాటే ఆ పిల్ల ఓటు అని పాలు పోసేవాడు కూడా నన్ను కొత్తగా చూస్తున్నాడు.

ఆ ఇద్దరిలో ఒకాయన గురించి నాకు బొత్తిగా తెలియదు. ఆయన ఏ పుస్తకం విన్నాడో, ఏ పేజీ దగ్గర దగ్గాడో ఎరగను. రెండో ఆయన్ని ఇప్పుడందరూ పెద్దమేస్త్రిగారు అంటున్నారు. మేం కలిసి పనిచేసిన కుట్టు షెడ్డులో అతని పేరు చెరువు. అతని గురించి ఎంత తెలుసంటే, తీరా చెప్పబోతే ఏమీ తెలియదనిపించేటంత తెలుసు.

నీకు ఆ షెడ్డు గుర్తుందా? బడి లేని రోజుల్లో కటింగ్ బల్ల కింద, పేలికల కుప్ప మీద కూర్చునేదానివి. కాబట్టి నీకు మా కాళ్ళే గుర్తుండి ఉంటాయి. బల్ల పైన ఏం జరిగేదో నేను చెబుతాను.

పొద్దుటిపూట అంతా మిషన్లు. ఆ మోతలో పక్కవాడు తిట్టినా దీవెనలాగే వినపడేది. భోజనాలయ్యాక మిషన్లు ఆపి చేతిపని పట్టుకునేవాళ్ళం. కాజాలు, గుండీలు, అంచులు. సూదికి చప్పుడు లేదు కదా. అందుకని కాజాల వేళ ఒకడు నవల చదవాలి, మిగతావాళ్ళు కుడుతూ వినాలి. చదివేవాడి వాటా పని మిగతావాళ్ళు పంచుకోవాలి. చదివే వంతు తరచుగా నాకే పడేది. నా గొంతు బాగుంటుందని కాదు, నా కాజాలు బాగుండవని. బళ్ళో నేను నేర్చుకున్నది కూడబలుక్కుని చదవడం దాకానే. ఆ పైన వచ్చిన చదువంతా నా కాజాలు కుట్టిపెట్టినవాళ్ళు వేసిన భిక్ష.

పుస్తకం అయిపోయిన రోజున విచారణ ఉండేది. అందులోంచి ఒక మనిషిని ఎంచుకుని, వాడు చేసింది తప్పా కాదా అని వాదించుకునేవాళ్ళం. మీ అత్తయ్య దీనికి 'లేనివాళ్ళ మీద పంచాయతీ' అని పేరు పెట్టింది. వాదన అయ్యాక రేకుడబ్బాలో తలా ఒక గుండీ వెయ్యాలి. తప్పయితే నల్లది, కాకపోతే తెల్లది. ఆ డబ్బాలో రాజులకు శిక్ష పడింది, సన్యాసులకు పడింది. రాసినాయన ముద్దుచేసి పెంచిన కథానాయకుడికి కూడా ఒకసారి అన్నీ నల్లవే పడ్డాయి. వాదన ముదిరి ఆ గుండీలు సందుల్లో దొర్లిపోతే, మర్నాడు కోటుకి గుండీలు చాలక యజమాని చేత చీవాట్లు తిన్నాం.

ఆ డబ్బా దగ్గర ఇద్దరు మనుషుల్ని చూడు. ఒకడు చెరువు, మా కటింగ్ మేస్త్రి. మంచి ఘట్టం వస్తే చాలు, కళ్ళు నిండిపోయేవి. బట్ట మీద పడితే మరకవుతుందని మొహం పక్కకి తిప్పి ఏడ్చేవాడు. ఏడుపులో కూడా పనివాడే. "చెరువు నిండింది, తూము ఎత్తండ్రా" అని వెనక నుంచి ఎవరో ఒకరు అనేవారు. రెండోవాడు ఆవులింత, కోట్లు కుట్టేవాడు. పుస్తకంలో ప్రాణాలు పోతుంటే దవడ కిర్రుమనేలా ఆవులించేవాడు. నేను గొంతు వణికించి చదువుతూంటే, పోయింది కాగితంలోనే కదా, ఆ దారం ఇటు పడెయ్యమనేవాడు. కత్తెర అడిగి తీసుకుని మొండిచేసి ఇచ్చాడని సొంత తమ్ముడితో మాట మానేసిన మనిషి. ఇప్పటికీ మాట్లాడడు. తమ్ముడు కొత్త కత్తెర కొనిచ్చినా మాట్లాడలేదు, అది కొత్తది, తనది కాదన్నాడు.

ఒకసారి అట్ట లేని నవల ఒకటి దొరికింది. ఒక పెద్దింట్లో ముసలి వంటమనిషి. ఇంటిల్లిపాదికీ వండిపెట్టి అక్కడే ముసలిదైంది. ఇక అక్కర్లేదని యజమానికి అనిపించింది. తన నోటితో చెప్పలేక ఆ మాట కాగితం మీద రాసి గుమాస్తా చేతికిచ్చి పంపాడు. గుమాస్తా వానలో తడుస్తూ వెళ్ళి, ఆమెకి చదవడం రాదు కనక తనే చదివి వినిపించాడు. అంతా విని ఆమె, నువ్వు భోంచేశావా నాయనా అని అడిగింది. అక్కడ చెరువుకి గట్టు తెగింది. ఆ పూట కటింగ్ లేదు.

విచారణకి గుమాస్తాని నిలబెట్టాం. చాలామంది జాలిపడ్డారు. పెట్టే చెయ్యి చెప్పినట్టు చేశాడు, వాడి తప్పేముందన్నారు. అప్పుడు చెరువు లేచాడు. చేతిలో సుద్దముక్క అలాగే ఉంది.

"రాసినవాడు ఎక్కడో లోపల ఉన్నాడు. ఆవిడకి కనపడింది కాగితం మోసిన చెయ్యే. తప్పు ఆ చేతిదే" అన్నాడు.

అంత బాగా చెప్పిన మాటకి ఎదురేముంది? అందరం నల్ల గుండీలు వేశాం. ఆవులింత ఒక్కడూ తెల్లది వేశాడు. వానలో వెళ్ళాడు కదా, జలుబు చేసుంటుంది, ఆ శిక్ష చాలన్నాడు. డబ్బా బోర్లిస్తే నల్లవాటి మధ్య ఆ తెల్లది, దాని పక్కనే ఒక ఎర్రది. ఎవరిదిరా ఇది అంటే బల్ల కింద నుంచి నీ చెయ్యి పైకొచ్చింది. ఎర్రదానికి అర్థమేమిటే అని అడిగాను. "ఆ గుమాస్తా ఇంటికెళ్ళి ఏం చేశాడో నువ్వు చదవలేదుగా మామయ్యా" అన్నావు. అందరం నవ్వాం. ఆ ఎర్ర గుండీని లెక్కలోకి తీసుకోకుండా నీకే తిరిగిచ్చేశాం.

తర్వాత కొంతకాలానికి మార్కెట్ కమిటీకి మా షెడ్డు తరఫున ఒకర్ని పంపాల్సి వచ్చింది. మళ్ళీ అదే డబ్బా, అవే గుండీలు. ఇంకెవరైనా అయితే ఏం చూస్తారు? మనిషి పనితనం చూస్తారు, మాట మీద నిలబడతాడా అని చూస్తారు, కనీసం మనిషి కులాసాగా ఉదయాన్నే లేస్తాడా అని చూస్తారు. మేం మాత్రం ఏ పేజీ దగ్గర ఏడ్చాడో చూశాం. కాగితంలో ఉన్న వంటమనిషి కోసం అంత ఏడ్చినవాడు, ఎదురుగా ఉన్న మనకోసం ఎంత చేస్తాడో అనుకున్నాం. నవలలు విని చెడిపోవడమంటే పెద్దవాళ్ళు వేరే ఏదో అనుకుంటారు గానీ, అసలు చెడిపోవడం ఇదే.

ఇక్కడ ఒక మాట అడ్డం వస్తోంది, చెప్పకపోతే పోదు. మేం కొలతలు తీసేటప్పుడు పొట్ట బిగబట్టని మనిషిని నేను చూళ్ళేదు. టేపు నడుం చుట్టూ రాగానే ఎంతటివాడైనా ఊపిరి పీల్చి నిలబడతాడు. ఆ కొలతకే కుడితే, కుట్టిన చొక్కా వాడికి ఇంటికెళ్ళేదాకా కూడా పట్టదు. అందుకని మంచి పనివాడు టేపు పట్టుకుని ఏదో ఒక జోకు వేస్తాడు. వాడు నవ్వుతాడు, పొట్ట వదులుతాడు, ఆ క్షణంలో కొలత తీసుకోవాలి. పదిమందిలో తిరిగే పెద్దమనిషి బతుకంతా టేపు నడుం చుట్టూ ఉన్నట్టే గడుస్తుంది. సభలో బిగపట్టాలి, ఊరేగింపులో బిగపట్టాలి. ఒక్కొక్కరు ఎన్నాళ్ళు బిగబడతారంటే, చివరికి అదే తమ నడుమని నమ్ముతారు. పుస్తకంలో మనిషితో ఈ బాధ లేదు. రాసినాయన మొదటి పేజీలోనే వాడి పొట్ట చూసేసి ఉంటాడు, మనకీ చూపిస్తాడు. అందుకే పుస్తకంలో మనుషుల్ని గుర్తుపట్టడం వచ్చినవాళ్ళం, వీధిలో మనుషుల్ని గుర్తుపట్టడం కూడా వచ్చేసినట్టే అనుకుంటాం.

మీ అత్తయ్య టీ తెచ్చి బల్ల మీద రెండు గ్లాసులు పెట్టి వెళ్ళింది. రెండోది ఎవరికని అడక్కు. అదీ చివర్నే.

నువ్వు పై చదువుకని బయట ఉన్నప్పుడు షెడ్డు పోయింది. రోడ్డు వెడల్పు కోసం పోయిందని నీకు తెలుసు. ఎలా పోయిందో తెలియదు. అప్పటికి చెరువు మార్కెట్ కమిటీకే పెద్ద. షెడ్డు ఖాళీ చెయ్యమని పైవాళ్ళు ఉత్తర్వు పంపితే, జవాను చేత పంపించి ఊరుకోవచ్చు. పంపలేదు. తనే తెచ్చాడు. భోజనాలయ్యాక, మిషన్లు ఆపి కాజాలు పట్టుకున్న వేళ, గుమ్మంలో కాగితం పట్టుకుని నిలబడ్డాడు. చదివాడు. సగంలో కళ్ళు నిండిపోయాయి. అలవాటు కొద్దీ మొహం పక్కకి తిప్పాడు, అక్కడ బట్ట లేకపోయినా.

అప్పుడు మేం ఏం చేశామో ఊహించు. కోప్పడలేదు. అడ్డుపడలేదు. గడువు పెంచమని కూడా అడగలేదు. ఎందుకంటే మాకంటే అతనే ఎక్కువగా ఏడుస్తున్నాడు. ఒకరు స్టూలు వేశారు, ఒకరు మంచినీళ్ళిచ్చారు, నేను వీపు నిమిరాను. మమ్మల్ని లేపడానికొచ్చినవాణ్ణి మేమే ఓదార్చి పంపాం. ఏడవకుండా వచ్చుంటే, ఏ పోలీసునో వెంటబెట్టుకుని వచ్చుంటే, కనీసం నాలుగు మాటలైనా అనేవాళ్ళం. నలుగురం కలిసి వెళ్ళి అడిగితే ఇంకో చోటైనా చూపించేవారేమో.

ఆవులింత మాత్రం పళ్ళతో దారం తుంపి, ఆవులించి, "ఏడుపయ్యాక మిషన్లు ఎత్తండి. మా అరుగు ఖాళీగానే ఉంది. చదువు మాత్రం పనికిరాదు, నాకు నిద్రొస్తుంది" అన్నాడు.

అప్పట్నుంచీ మావాళ్ళు ఆ అరుగు మీదే ఉన్నారు. అద్దె అడగలేదు, ఒక్క పుస్తకం చదవనివ్వలేదు. కాజాల వేళ ఇప్పుడు అరుగు మీద ఈగల చప్పుడు వినపడుతుంది.

ఇదంతా చదివి, కన్నీళ్ళు దొంగవి, ఆవులింతలు మంచివి అని నీతి తీసెయ్యకు. చెరువు దొంగేడుపు ఏడ్చాడంటే నా నాలిక ఒప్పుకోదు. అతని కన్నీళ్ళు నేను దగ్గర నుంచి చూశాను, అవి ఉప్పగానే ఉంటాయి. నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది అదే. దొంగ అయితే పుస్తకంలో పెట్టి అట్ట మూసేసేవాణ్ణి. నిజంగానే ఏడ్చాడు, నిజంగానే కాగితం చదివాడు. ఏడ్చేసరికి తను చెయ్యాల్సిన పని అయిపోయినట్టు లోపలెక్కడో చల్లబడిపోతాడా? లేక తను రాకుండా జవాన్ని పంపడం మరీ తప్పని వచ్చాడా? ఆవులింతని చూడు. మా అందరికీ నీడ ఇచ్చిన మనిషి, తమ్ముడు గుమ్మంలోకి వస్తే తలుపేసుకుంటాడు. వీళ్ళకి ఏ గుండీ వెయ్యను?

నిన్ననే మీ అత్తయ్యని అడిగాను. మనిషి ఎలాంటివాడైతే మీకేం, ఆ గదికి కిటికీ ఉందో లేదో కనుక్కోండి, ఉంటే ఎటువైపు ఉందో కూడా కనుక్కోండి అంది. ఇన్నేళ్ళుగా నేను చదివిన పుస్తకాల్లో ఆ మాట లేదు. నువ్వు కూడా ఇద్దర్నీ అదే అడుగు. కానీ ఎవరికి చెయ్యెత్తాలని నువ్వు నన్నడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఒకసారి మా గుండీలతో మనిషిని ఎంచి చూశాం. మళ్ళీ నా గుండీ తీసి నీ చేతిలో పెట్టలేను.

పిల్లలకి దీవెనలు. చిన్నవాడి లాగూ తెగిందన్నావు, పంపించు, కళ్ళు కనపడ్డంత మేరా కుడతాను.

ఇట్లు,
నీ ఓటు బరువు మోయలేక కాలాడిస్తున్న
మీ మామయ్య

తా.క. చివర్న చెబుతానన్నవి ఇవి.

రెండో గ్లాసు చెరువుది. చిరంజీవి అని మొదలుపెట్టిన దగ్గర్నుంచీ అతను నా ఎదురుగానే, మీ అత్తయ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మేం చేతులు కడుక్కుంటూండగా వచ్చాడు. నా మాటే నీ ఓటని విన్నాడట. మీ మేనకోడలికి నా గురించి రెండు ముక్కలు రాసివ్వండి, నేనే తీసుకెళ్తానన్నాడు. తెలిసిందే రాస్తానన్నాను. అదే రాయమన్నాడు. రాస్తున్నంతసేపూ ఒకసారి గోడనీ, ఒకసారి నా కాలునీ చూస్తూ కూర్చున్నాడు. ఇన్ని పేజీలు అవుతున్నాయంటే తన గురించి ఎంత గొప్పగా రాస్తున్నానో అనుకున్నాడేమో.

మడతపెట్టబోతూ ఆగాను. తను మోసే కాగితంలో ఏముందో తెలియకుండా ఏ మనిషి చేతికీ ఇవ్వకూడదనిపించింది. చదువుకోమని ఇచ్చాను. కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. పొట్ట బిగబట్టే దగ్గర పైకే నవ్వాడు, టీ తొణికింది. ఈ పేజీ మీద మరక అదే. ఆ నవ్వు చూడగానే, నా చేతిలో టేపు లేదే అనుకున్నాను. ఆ తర్వాత షెడ్డు పోయిన పేజీ వచ్చింది. చెరువు నిండుతుందని ఎదురుచూశాను. మీ అత్తయ్య తువ్వాలు కూడా పట్టుకుని గుమ్మంలో నిలబడింది. నిండలేదు. వెనక్కి తిప్పి ఆ పేజీ మళ్ళీ చదివాడు. కళ్ళు పొడిగానే ఉన్నాయి. అతని మొహం అలా నేనెప్పుడూ చూళ్ళేదు, గుర్తుపట్టడానికి కాస్త కష్టపడ్డాను.

కాగితాలు సర్ది నా ముందు పెట్టి అన్నాడు. "ఆ పిల్ల ఎర్ర గుండీ వేసిన సంగతి నాకు గుర్తే లేదు. ఇటివ్వండి, వెళ్ళొస్తాను."

ఈ నాలుగు ముక్కలు కలపడానికి ఆగమన్నాను. ఇప్పుడు గుమ్మంలో చెప్పులేసుకుని నిలబడి ఉన్నాడు, చెయ్యి చాపి. దీనికి నకలు లేదని అతనితో చెప్పాను. కవరు కూడా అంటించడం లేదు. మీ ఇంటికీ మా ఇంటికీ మధ్య మురిక్కాలువలు బోలెడున్నాయి. అందకపోతే గురువారం పొద్దున్న, ఏమీ రాయలేదేం మామయ్యా అని నువ్వే ఫోన్ చేస్తావు. అప్పుడిక నేను చెప్పాల్సింది ఉండదు.

అందిందంటే మాత్రం, ఈ ఉత్తరంలో నేను రాసినదాంట్లో సగం తప్పు. ఏ సగమో నాకు తెలియదు. నువ్వే చూసుకో.